రాసుకున్న పనులు ఎందుకు మిగిలిపోతాయి: చేతిరాత చిట్టా పనిచేసే తీరు

రోజువారీ పనులను కాగితం మీద వరుసగా రాసుకుని, అయినదాన్ని కొట్టేసుకుంటూ పోయే పద్ధతిలో పైకి చూస్తే వివరించవలసినది ఏమీ కనిపించదు. పెన్ను, కాగితం ఉన్న ఎవరైనా ఈ నిమిషంలోనే మొదలుపెట్టవచ్చు. అయినా దాన్ని మొదలుపెట్టి కొంతకాలానికి వదిలేసినవారు ఎందరో ఉన్నారు. కారణం అడిగితే వారి జవాబులు కూడా ఒకదానికొకటి దగ్గరగానే ఉంటాయి. చిట్టా పెరుగుతూ పోతుందే తప్ప తరగదని కొందరు, దాన్ని చూస్తేనే గుండె బరువెక్కుతుందని కొందరు, చిన్నాచితకా పనులన్నీ అవుతున్నా అసలు చేయవలసిన పని మాత్రం ప్రతిరోజూ అక్కడే ఉంటోందని ఇంకొందరు చెబుతారు. మరోవైపు అదే పద్ధతిని ఏళ్ల తరబడి పాటిస్తూ, అది లేకపోతే రోజు గడవదనేవారూ ఉన్నారు. ఇద్దరి చేతుల్లోనూ ఉన్నది ఒకే వస్తువు. తేడా ఎక్కడుందో తెలియాలంటే, ఆ కాగితం నుంచి మనం ఏమేమి ఆశిస్తున్నామో ముందు విడదీసి చూడాలి.

మనం దాని నుంచి ఆశించేవి మూడు. మొదటిది, మరిచిపోకుండా ఉండటం. రెండవది, ఉన్న సమయంలో ఏది చేయాలో, ఏది వదిలేయాలో తేల్చుకోవడం. మూడవది, అలవాటైన పనిలో ఏ అంచే దాటిపోకుండా సరిచూసుకోవడం. ఈ మూడూ వేరువేరు పనులు. ఒకదానికి సరిపోయే చిట్టా మరొకదానికి సరిపోదు. అన్నిటినీ ఒకే కాగితం మీద కలిపేసినప్పుడు, రాసుకోవడం పూర్తయింది కాబట్టి తేల్చుకోవడం కూడా పూర్తయిందనే భ్రమ కలుగుతుంది. చిట్టాలు విఫలమయ్యేది ఎక్కువగా ఈ భ్రమ దగ్గరే అని నా అభిప్రాయం. చేతిరాతకు ఉన్న అసలైన విలువ కూడా ఇక్కడే ఉంది: చేతితో రాయడంలోని శ్రమ, కాగితం మీద చోటు తక్కువగా ఉండటం, ఈ రెండూ మనం తప్పించుకోవాలనుకునే నిర్ణయాన్ని మన చేత తీసుకునేలా చేస్తాయి.

మనసులో వేలాడే పనులు

పూర్తికాని పని మనసును వదలదన్న మాట చాలా పాతదే. దాన్ని ప్రయోగశాలలో పరిశీలించిన తొలి వ్యక్తులలో బ్లూమా జైగార్నిక్ ఒకరు. బెర్లిన్‌లో మనస్తత్వ శాస్త్రవేత్త కర్ట్ లెవిన్ దగ్గర పరిశోధన చేస్తూ, 1927లో ప్రచురించిన అధ్యయనంలో ఆమె కొందరికి చిన్నచిన్న పనులు వరుసగా ఇచ్చి, వాటిలో కొన్నిటిని మధ్యలోనే ఆపించారు. తరువాత అడిగినప్పుడు, పూర్తిచేసిన పనులకన్నా ఆగిపోయినవే వారికి ఎక్కువగా గుర్తున్నాయి. ఈ ఫలితం ఎంతో ప్రసిద్ధి పొందినా, తరువాతివారు చేసిన ప్రయోగాలలో అది నిలకడగా కనిపించలేదన్న సంగతి కూడా చెప్పుకోవాలి. అదే బృందంలోని మరియా ఒవ్సియాంకినా 1928లో గమనించిన విషయం దానికన్నా గట్టిగా నిలబడింది: మధ్యలో ఆపిన పనిని, ఎవరూ చెప్పకపోయినా, అవకాశం దొరకగానే మనుషులు మళ్లీ చేతిలోకి తీసుకుంటారు. అంటే ఆగిపోయిన పని మనకు బాగా గుర్తున్నా లేకపోయినా, దాని వైపు లాగే శక్తి మాత్రం మనలో ఉంటుంది. ఇలాంటి పనులు పదిహేనో ఇరవయ్యో ఉన్నప్పుడు ఆ లాగుడు పదిహేను వైపుల నుంచి వస్తుంది కాబట్టి, ఏ పనీ చేయకుండానే మనిషి అలసిపోతాడు.

ఒకేసారి మనసులో పట్టి ఉంచగలిగినవి చాలా కొద్ది మాత్రమే కావడం ఇబ్బందిని ఇంకా పెంచుతుంది. తక్షణ జ్ఞాపకంలో ఏడుకు కొంచెం అటూఇటూగా అంశాలు పడతాయని జార్జ్ మిల్లర్ 1956లో రాశారు. నెల్సన్ కోవన్ 2001లో ఆ లెక్కను సవరిస్తూ, గుంపులు కట్టుకోవడం, లోలోపల వల్లెవేసుకోవడం వంటి సహాయాలు లేకపోతే అది సుమారు నాలుగే అన్నారు. ఏడైనా నాలుగైనా, ఒక మామూలు రోజులోని బాధ్యతలకు అది చాలదు. పైగా పనులను గుర్తుంచుకోవడం పాఠాన్ని గుర్తుంచుకోవడం లాంటిది కాదు. పాఠం ఎవరో అడిగినప్పుడు గుర్తొస్తే సరిపోతుంది. పని మాత్రం ఎవరూ అడగకుండానే, సరైన చోట, సరైన సమయంలో గుర్తుకు రావాలి. జరగబోయేదానికి సంబంధించిన ఈ జ్ఞాపకం ఎంత బలహీనమో అందరికీ అనుభవమే. పోస్టు చేయవలసిన ఉత్తరం తపాలా పెట్టె దాటి వచ్చాక గుర్తొస్తుంది.

ఇక్కడ చిట్టా చేసే మేలు ఏమిటో చూపిన ప్రయోగం ఇ.జె. మాసికాంపో, రాయ్ బామైస్టర్ కలిసి 2011లో ప్రచురించినది. పూర్తికాని లక్ష్యాన్ని మనసులో పెట్టుకున్నవారు మరో పని చేస్తున్నప్పుడు ఆ లక్ష్యం మధ్యమధ్యలో తలదూర్చి ధ్యాసను చెదరగొట్టింది. ఆ లక్ష్యాన్ని ఎప్పుడు, ఎలా నెరవేర్చాలో స్పష్టంగా ఆలోచించుకునే వీలు కల్పించినవారిలో మాత్రం ఆ అడ్డంకి తొలగిపోయింది. వారు ఆ పనిని ఇంకా చేయలేదు. ఎలా చేయాలో తేల్చుకున్నారు, అంతే. ఈ ఫలితాన్ని జాగ్రత్తగా చదివితే, మనసుకు ఊరట కలిగించేది పని పేరును రాయడం ఒక్కటే కాదనీ, ఆ పని విషయంలో ఒక నిర్ణయానికి రావడం దానికి అవసరమనీ అర్థమవుతుంది. ముప్పై పేర్లున్న చిట్టా చూసి దిగులు పడేవారిలో జరుగుతున్నది దీనికి సరిగ్గా వ్యతిరేకం: పేర్లు కాగితం మీదికి వచ్చాయి, నిర్ణయాలు రాలేదు.

బేలర్ విశ్వవిద్యాలయంలో మైకేల్ స్కలిన్ బృందం 2018లో ప్రచురించిన అధ్యయనం కూడా ఇదే దిశగా ఉంది. 57 మంది యువతీయువకులలో కొందరిని నిద్రకు ముందు 5 నిమిషాల పాటు రాబోయే రోజులలో చేయవలసిన పనులు రాయమన్నారు. మిగిలినవారిని అప్పటికే పూర్తిచేసిన పనులు రాయమన్నారు. చేయవలసినవి రాసినవారు సగటున 9 నిమిషాలు ముందుగా నిద్రలోకి జారుకున్నారు. వారిలోనూ ఎంత వివరంగా రాస్తే అంత త్వరగా నిద్రపట్టింది. పాల్గొన్నవారు తక్కువమంది, జరిగింది ఒక్క రాత్రి, కాబట్టి దీన్ని వేదవాక్కుగా తీసుకోనక్కరలేదు. అయినా, వివరం పెరిగినకొద్దీ మేలు పెరిగిందన్న గమనిక మాసికాంపో, బామైస్టర్ల ఫలితంతో చక్కగా కలుస్తుంది.

ఒకే కాగితం చాలదు

పైన చెప్పిన మూడు పనులకు మూడు వేరు పేజీలు కావాలి. వీటికోసం ప్రత్యేకమైన డైరీ అక్కరలేదు. ఒక మామూలు నోటుపుస్తకం, విడిగా ఒక చిన్న కాగితం చాలు.

మొదటిది సేకరణ పేజీ. గుర్తొచ్చిన ప్రతి పనీ, వచ్చిన వరుసలోనే, ఏ ఎంపికా లేకుండా ఇందులో పడుతుంది. ఇది ఎంత పొడవైనా ఫర్వాలేదు, ఎందుకంటే దీన్ని చూస్తూ ఎవరూ పని చేయరు. దీని ధర్మం ఒక్కటే: ఏదైనా గుర్తొచ్చినప్పుడు దాన్ని పట్టుకుని ఉండే బాధ్యతను తల మీద నుంచి దించడం. అందుకే ఈ పేజీ ఎప్పుడూ ఒకేచోట ఉండాలి. సగం పనులు నోటుపుస్తకంలో, కొన్ని చిత్తుకాగితాల మీద, మరికొన్ని ఫోనులో ఉంటే, ఏది ఎక్కడ ఉందో గుర్తుంచుకోవడమే కొత్త పనిగా తయారవుతుంది. మనసు కూడా చిట్టాను నమ్మడం మానేసి మళ్లీ అన్నిటినీ తానే మోయడం మొదలుపెడుతుంది.

రెండవది నేటి పేజీ. ఇది సేకరణ పేజీ నుంచి ఏరుకున్న కొద్ది పనులతో తయారవుతుంది, చిన్నదిగా ఉంటుంది, రోజు ముగిశాక దాని ఆయుష్షు తీరిపోతుంది. తేల్చుకోవడం జరిగేది ఇక్కడే కాబట్టి ఈ వ్యాసంలో ఎక్కువ భాగం దీని గురించే.

మూడవది చెక్‌లిస్ట్. మళ్లీమళ్లీ ఒకేలా చేసే పనికి సంబంధించిన అంచెల పట్టిక ఇది. దీన్నీ చేయవలసిన పనుల చిట్టానూ ఒకటిగా భావించడం సర్వసాధారణమైన పొరపాటు, అయితే వీటి పుట్టుకే వేరు. 1935 అక్టోబరు 30న అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఉన్న రైట్ ఫీల్డ్‌లో బోయింగ్ మోడల్ 299 అనే బాంబరు విమానం గాలిలోకి లేచిన కొద్దిసేపటికే కూలిపోయి ఇద్దరు మరణించారు. గాలి తాకిడికి విమానపు తోక భాగాలు కదలకుండా నేల మీద బిగించి ఉంచే తాళాన్ని, బయలుదేరే ముందు తీయడం మరిచిపోవడమే కారణమని తేలింది. నడిపినవారు అనుభవం లేనివారు కారు. విమానం మాత్రం ఒక మనిషి జ్ఞాపకంలో ఇమడనంత క్లిష్టంగా ఉంది. దానికి సమాధానంగా వచ్చినదే పైలట్ల చెక్‌లిస్ట్. ఆ విమానమే తరువాత బి-17 పేరుతో పెద్దసంఖ్యలో తయారైంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో శస్త్రచికిత్సల కోసం విడుదల చేసిన 19 అంశాల పట్టిక కూడా ఇదే కోవకు చెందినది. ఎనిమిది ఆసుపత్రులలో దాన్ని పరీక్షించి 2009లో ప్రకటించిన ఫలితాలలో మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయి. అయితే కెనడాలోని ఆంటారియోలో 101 ఆసుపత్రుల సమాచారంతో 2014లో వచ్చిన అధ్యయనంలో అలాంటి చెప్పుకోదగిన తగ్గుదల కనిపించలేదు. మొక్కుబడిగా గీతలు పెట్టుకుంటూ పోతే పట్టిక ఏమీ కాపాడదన్న వాదనకు ఇది బలమిచ్చింది.

ఇంటి పనులకు, కార్యాలయపు పనులకు దీని నుంచి తీసుకోవలసిన సంగతి చిన్నదే. ప్రయాణానికి సర్దుకోవడం, నెలాఖరు లెక్కలు చూడటం, ఇల్లు తాళం వేసి బయలుదేరడం వంటివాటి అంచెలను ప్రతిసారీ నేటి పేజీలో కొత్తగా రాయడం వృథా శ్రమ. వాటికి ఒకసారి శ్రద్ధగా పట్టిక రాసి, నోటుపుస్తకం చివర ఉంచుకుని, నేటి పేజీలో ‘ప్రయాణపు పట్టిక చూడాలి’ అని ఒక్క వరుస రాసుకుంటే సరిపోతుంది. ఆ పట్టికలో నిర్ణయించుకోవలసినది ఏమీ ఉండకూడదు. నేటి పేజీలో నిర్ణయం లేనిది ఏదీ ఉండకూడదు.

ఒక వరుసను ఎలా రాయాలి

రోజుల తరబడి కదలని పనులను పరిశీలిస్తే, వాటిలో చాలావరకు రాసిన తీరులోనే లోపం కనిపిస్తుంది. ‘బీమా’, ‘కుళాయి’, ‘నివేదిక’ అని ఒంటి పదాలుగా రాసుకున్నవి పనులు కావు, విషయాల పేర్లు. వాటిని చూసిన ప్రతిసారీ ఏం చేయాలో మళ్లీ మొదటి నుంచి ఆలోచించుకోవాలి. తీరిక లేనప్పుడు ఆ ఆలోచనకు ఓపిక ఉండదు కాబట్టి కళ్లు పక్క వరుసకు జారుకుంటాయి. ‘బీమా పత్రం బయటికి తీసి గడువు తేదీ చూడాలి’ అని రాసి ఉంటే ఆలోచన అప్పటికే జరిగిపోయింది, చేయడమే మిగిలింది. క్రియాపదంతో ముగిసే వరుస, అందులోనూ చేతులతోనో నోటితోనో చేయగల మొదటి అడుగును చెప్పే వరుస, ఆ చిట్టాను చదివే మనిషికి దాన్ని రాసిన మనిషి ఇచ్చే సహాయం. రాసేటప్పుడు ఉన్న స్పష్టత చదివేటప్పుడు ఉండదని ముందే గుర్తించి రాయాలి.

ఇందులో కొత్త కనిపెట్టింపు ఏమీ లేదు. లియొనార్డో డావిన్చి 1490 ప్రాంతంలో మిలాన్‌లో ఉండగా రాసుకున్న చిట్టా ఒకటి నేటికీ మిగిలి ఉంది. త్రిభుజాన్ని చతురస్రంగా మార్చడం ఎలాగో గణితం తెలిసిన పండితుణ్ణి అడిగి చూపించుకోవాలని, నీటిపారుదల తెలిసినవాణ్ణి వెతికి కాలువ, మర బాగుచేసే పద్ధతి చెప్పించుకోవాలని అందులో రాసుకున్నాడు. అంతటి జిజ్ఞాసువు కూడా ‘గణితం’, ‘కాలువలు’ అని రాసి ఊరుకోలేదు. ఎవరి దగ్గరికి వెళ్లాలో, వెళ్లి ఏం అడగాలో రాసుకున్నాడు. తెలియని విషయాన్ని ఒక మనిషిని కలిసే పనిగా మార్చడం అన్నిటికన్నా ఉపయోగపడే మెలకువ. వాయిదా పడే పెద్ద పనులు చాలావరకు, మనకు తెలియనిది తెలిసిన మరొకరిని అడగనందువల్లే ఆగి ఉంటాయి.

వరుసకు సందర్భాన్ని జోడిస్తే మేలు ఇంకా పెరుగుతుంది. ‘ఫలానా సందర్భం వచ్చినప్పుడు ఫలానాది చేస్తాను’ అనే రూపంలో సంకల్పించుకున్నవారు, ఊరికే ‘చేస్తాను’ అనుకున్నవారికన్నా ఎక్కువగా ఆ పని పూర్తిచేస్తారని పీటర్ గాల్విట్జర్, ఆయన సహచరులు 1990ల నుంచి ఎన్నో అధ్యయనాలలో చూపారు. సందర్భం ఎదురవగానే పని దానంతట అదే గుర్తుకు వస్తుంది, అప్పుడు చేయాలా వద్దా అనే మీమాంస ఉండదు. ‘మధ్యాహ్న భోజనం అవగానే బ్యాంకుకు ఫోను చేయాలి’ అన్న వరుసలో గడియారం లేకపోయినా సమయం ఉంది. అలాగని ప్రతి వరుసకూ ఇలా రాయనక్కరలేదు. మూడు రోజులు దాటినా కదలని వాటికి రాస్తే చాలు.

ఎన్ని రాయాలి, ఏవి రాయాలి

నేటి పేజీలో ఎన్ని పనులు ఉండాలన్న ప్రశ్నకు అందరికీ సరిపోయే అంకె లేదు, అయితే మనకు తోచిన అంకె కన్నా తక్కువ ఉండాలన్నది మాత్రం ఖాయం. పనికి పట్టే సమయాన్ని మనుషులు తక్కువగా అంచనా వేసుకోవడాన్ని డేనియల్ కానెమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ 1979లోనే గుర్తించి దానికి ఒక పేరు పెట్టారు. రోజర్ బ్యూలర్ బృందం 1994లో ప్రచురించిన అధ్యయనంలో, సిద్ధాంత వ్యాసం రాస్తున్న విద్యార్థులు సగటున 33.9 రోజులలో ముగిస్తామని అంచనా వేశారు. నిజానికి పట్టినది 55.5 రోజులు. ఇంకా ఆలోచింపజేసే సంగతి ఏమిటంటే, అన్నీ అడ్డం తిరిగితే ఎన్ని రోజులు పడుతుందని అడిగినప్పుడు వారు చెప్పిన సగటు 48.6 రోజులు. అత్యంత నిరాశతో వేసిన అంచనా కూడా వాస్తవం కన్నా తక్కువే. గతంలో ఇలాంటి పనులకు ఎంతకాలం పట్టిందో తెలిసినా, ఈసారి పని తమ ఊహలో ఉన్నట్టే సాగుతుందని వారు నమ్మారు.

రోజువారీ చిట్టా విషయంలో ఈ పొరపాటు ప్రతి ఉదయం చిన్నచిన్న మోతాదులలో జరుగుతుంది. పన్నెండు పనులు రాసుకుని ఐదు పూర్తిచేసిన మనిషి నిజానికి ఒక మంచి రోజు గడిపాడు; కాగితం మాత్రం ఏడు వైఫల్యాలను చూపిస్తుంది. ఇది నెలల తరబడి సాగితే, చిట్టా తెరవడమంటేనే అయిష్టం ఏర్పడుతుంది. దీనికి మందు పట్టుదల పెంచుకోవడం అని చాలామంది అనుకుంటారు, నేను ఒప్పుకోను. మందు నిన్నటి కాగితాలలోనే ఉంది. గడిచిన వారం రోజుల పేజీలు తిరగేసి, రోజుకు నిజంగా ఎన్ని వరుసలు కొట్టేయగలిగామో చూసి, రేపటికి అన్నే రాసుకోవాలి. ఇదే చేతిరాత పేజీలను వెంటనే పారేయకూడదని చెప్పడానికి తగిన కారణం: మన వేగం గురించి మన ఊహ చెప్పేదానికన్నా నిజమైన సాక్ష్యం వాటిలో ఉంటుంది.

ఏవి రాయాలన్నది దీనికన్నా కష్టమైన ప్రశ్న. తక్షణం చేయవలసిన పనికీ, ముఖ్యమైన పనికీ ఉన్న తేడా గురించి అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ 1954లో చేసిన ప్రసంగంలో ప్రస్తావించారు. ఆ మాట ఒక కళాశాల పూర్వ అధ్యక్షుడిదని ఆయనే చెప్పినా, అది ఆయన పేరుతోనే స్థిరపడిపోయింది. తేడా ఉందని ఒప్పుకోవడం తేలిక, దాన్ని పాటించడం తేలిక కాదు. మెంగ్ జూ బృందం 2018లో ప్రచురించిన ప్రయోగాలలో, గడువు దగ్గరగా ఉన్నట్టు కనిపించే పనిని, దాని వల్ల వచ్చే ప్రతిఫలం తక్కువని తెలిసినా, గడువు ఒత్తిడి లేనప్పటికన్నా ఎక్కువమంది ఎంచుకున్నారు. గడువే ఒక ఆకర్షణ. దీనికి తోడు చిన్న పనులకు మరో బలం ఉంది: త్వరగా అయిపోతాయి, కొట్టేసినప్పుడు సంతృప్తినిస్తాయి. అందువల్ల ఎనిమిది వరుసల చిట్టాలో ఏడు చిన్నవి, ఒకటి పెద్దది ఉంటే, రోజు చివరికి ఆ పెద్దదే మిగలడంలో వింత లేదు.

దీన్ని సరిచేయడానికి వర్గాలు, రంగులు, అంకెలతో కూడిన పద్ధతులు చాలా ఉన్నాయి. ఒకటి రెండు చాలని నాకనిపిస్తుంది. పెద్ద పనిని పేజీ పైభాగంలో ఒంటరిగా రాసి, కింద కొంత ఖాళీ వదిలి, చిన్నవాటిని ఆ ఖాళీకి దిగువన రాయడం ఒకటి. పెద్ద పని పేరు బదులు దానిలో ఈరోజు చేయగల ముక్కను మాత్రమే రాయడం మరొకటి. ‘నివేదిక రాయాలి’ అన్న వరుస పది రోజులైనా కొట్టేయలేము. ‘నివేదికలో రెండవ భాగానికి చిత్తుప్రతి రాయాలి’ అన్నదాన్ని ఈరోజే కొట్టేయవచ్చు.

తిరగరాయడంలోని మేలు

రోజు చివర మిగిలిన పనులను ఏం చేయాలన్నది చేతిరాత పద్ధతికి ఆయువుపట్టు. ఫోనులోని యాప్‌లలో కొన్ని పూర్తికాని పనిని వాటంతట అవే మరుసటి రోజుకు జరుపుతాయి. అది సౌకర్యమే; ఆ సౌకర్యం వల్లే ఒక పని నలభై రోజులపాటు ఎవరి దృష్టికీ రాకుండా ముందుకు జరుగుతూ పోగలదు. కాగితం మీద మాత్రం మిగిలిన వరుస ముందుకు పోవాలంటే ఎవరో ఒకరు దాన్ని చేతితో మళ్లీ రాయాలి. డిజైనర్ రైడర్ కరోల్ 2013లో ప్రచారంలోకి తెచ్చిన బుల్లెట్ జర్నల్ పద్ధతిలో ఈ తిరగరాత ఒక నియమం. ఆ పేరు వినని వారు కూడా తమకు తెలియకుండానే దీన్ని ఆచరిస్తుంటారు.

ఒకే వరుసను మూడవసారి రాస్తున్నప్పుడు చెయ్యి ఆగుతుంది. దీన్ని నిజంగా చేస్తానా అన్న ప్రశ్న అప్పుడు తప్పించుకోలేనంత దగ్గరగా వస్తుంది. దానికి ఉండగల నిజాయితీ గల జవాబులు కొద్దే. పని అవసరమే, కాని రాసిన తీరు సరిగా లేదు. అప్పుడు దాన్ని చిన్న అడుగుగా మార్చి రాయాలి. పని అవసరమే, కాని ఈ వారం కాదు. అప్పుడు తేదీ వేసి సేకరణ పేజీకి తిప్పి పంపాలి. పని చేయవలసింది మరొకరు. అప్పుడు వారికి చెప్పి, ‘ఎదురుచూస్తున్నవి’ అనే శీర్షిక కింద రాసుకోవాలి. లేదా దాన్ని ఇక చేయబోవడం లేదు. ఈ చివరి జవాబు ఒప్పుకోవడానికి చాలామందికి మనసు రాదు. చేయను అని తేల్చుకుని ఒక వరుసను కొట్టేయడం, చేసి కొట్టేయడంతో సమానమైన గౌరవం ఉన్న పని. నెలలుగా మోస్తున్న ఒక ఉద్దేశాన్ని, ఎవరికైనా మాట ఇచ్చి ఉంటే వారికి చెప్పి మరీ, వదిలేసినప్పుడు కలిగే తేలికదనం చిట్టా ఇవ్వగల పెద్ద లాభాలలో ఒకటి.

చేతిరాత జ్ఞాపకానికి మంచిదనే వాదన కూడా తరచుగా వినబడుతుంది. పామ్ ముల్లర్, డేనియల్ ఓపెన్‌హైమర్ 2014లో ప్రచురించిన అధ్యయనాన్ని దానికి ఆధారంగా చూపుతారు. ల్యాప్‌టాప్‌లో కన్నా చేతితో నోట్సు రాసుకున్న విద్యార్థులు భావాలకు సంబంధించిన ప్రశ్నలకు మెరుగ్గా జవాబిచ్చారని అందులో ఉంది. అయితే అది ఉపన్యాసాలు వింటూ రాసుకునే నోట్సుకు సంబంధించినది. పైగా 2019లో ఇతరులు ఆ ప్రయోగాన్ని తిరిగి చేసినప్పుడు తేడా అంత స్పష్టంగా రాలేదు. చిట్టాను సమర్థించడానికి ఈ ఆధారం అవసరమే లేదు. చిట్టా ఉద్దేశం గుర్తుంచుకునే భారాన్ని దించుకోవడమైనప్పుడు, రాస్తే బాగా గుర్తుంటుందా లేదా అన్నది పెద్ద విషయం కాదు. కాగితం నెమ్మదిగా సాగుతుంది, చోటు అయిపోతుంది, తనంతట తాను ఏమీ చేయదు; నిర్ణయించే బాధ్యతను మన చేతిలోనే ఉంచే ఈ మూడు లక్షణాలే దాని పక్షాన చెప్పదగినవి.

రోజు అనుకున్నట్టు సాగనప్పుడు

ఇంతవరకు చెప్పినదంతా రోజు కొంతైనా మన చేతిలో ఉన్నవారికి వర్తిస్తుంది. పసిపిల్లలను, రోగులను చూసుకునేవారికి, ప్రజలతో నేరుగా వ్యవహరించే ఉద్యోగులకు, ఇతరుల పిలుపును బట్టి పనిచేసేవారికి రోజు అలా ఉండదు. బెంజమిన్ ఫ్రాంక్లిన్ తన ఆత్మకథలో రోజును గంటల వారీగా విభజించుకున్న పట్టికను ఇచ్చి, క్రమం అనే సుగుణమే తనను అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టిందని రాశాడు. వ్యాపారం కోసం వచ్చేవారిని వారికి వీలైన వేళల్లో కలవవలసిన యజమానికి అలాంటి పట్టికను తు.చ. తప్పక పాటించడం సాధ్యం కాదని కూడా ఒప్పుకున్నాడు. అంతరాయాలు ఎక్కువగా ఉండే జీవితంలో గంటలు వేసిన పట్టిక మొదటి అంతరాయానికే కూలిపోతుంది. గంటలు లేని చిన్న చిట్టా నిలబడుతుంది, ఎందుకంటే ఖాళీ ఎప్పుడు దొరికినా దాన్ని చూసుకోవచ్చు. ఇలాంటివారు ఒక్క పెద్ద ముక్కను, పది నిమిషాలలో ముగిసే రెండు మూడు పనులను మాత్రమే రాసుకోవడం మంచిది.

అంతరాయం విషయంలో చిట్టా చేయగల ఇంకో సహాయం ఉంది. ఒక పని మధ్యలో వదిలి మరొకదానికి వెళ్లినప్పుడు ధ్యాసలో కొంత భాగం మొదటి పని దగ్గరే ఉండిపోతుందని సోఫీ లెరాయ్ 2009లో చూపారు. తరువాత థెరిసా గ్లోంబ్‌తో కలిసి 2018లో ప్రచురించిన పరిశోధనలో, పని వదిలి వెళ్లే ముందు ఒక నిమిషం ఆగి, ఎక్కడ ఆపామో, తిరిగి వచ్చాక ముందుగా ఏం చేయాలో రాసుకున్నవారు రెండవ పనిలో మెరుగ్గా రాణించారని తేలింది. నేటి పేజీలో పెద్ద పని కింద వదిలిన ఖాళీ ఇందుకు పనికొస్తుంది. ఎవరో పిలిచినప్పుడు లేచే ముందు ‘మూడవ పట్టికలో మొత్తాలు సరిపోలేదు, తిరిగి వచ్చాక నాలుగవ నిలువు వరుస చూడాలి’ అని అక్కడ రాస్తే, గంట తరువాత వచ్చి కూర్చున్నప్పుడు ఎక్కడున్నామో వెతుక్కునే సమయం మిగులుతుంది.

కాగితం చేయలేనివి కూడా కొన్ని స్పష్టంగా ఉన్నాయి. అది మోగదు. నిర్ణీత సమయానికి వేసుకోవలసిన మందు, తప్పిపోకూడని సమావేశం వంటివాటిని చిట్టాకు వదిలేయడం ప్రమాదం. వాటికి అలారం పెట్టుకోవాలి, తేదీలతో ముడిపడినవాటిని క్యాలెండర్‌లో రాసుకోవాలి. కాగితం పోతే అందులో ఉన్నదంతా పోతుంది కాబట్టి ఖాతా వివరాలు, రహస్య సంకేతాలు అందులో రాయకూడదు. సేకరణ పేజీని అప్పుడప్పుడు ఫోనుతో ఫొటో తీసి ఉంచుకోవడం మంచి జాగ్రత్త. ఇద్దరు ముగ్గురు కలిసి చేసే పనుల విషయంలో ఒకరి నోటుపుస్తకం మిగిలినవారికి కనిపించదు. అలాంటప్పుడు అందరూ చూసే గోడమీద ఒక కాగితం అతికించి, ప్రతి వరుస చివర ఒక్క పేరు మాత్రమే రాయాలి. రెండు పేర్లు రాసిన వరుసను ఇద్దరిలో ఒకరు చేస్తారులే అని ఇద్దరూ అనుకునే వీలుంది. ఆ పనిలో ఇద్దరూ పాల్గొనవలసి ఉన్నా, అది అయ్యేలా చూసే బాధ్యత ఎవరిదో వారి పేరే అక్కడ ఉండాలి, ఆ పేరును వారే తమ చేత్తో రాయాలి.